చాట్స్‌వర్త్ హౌస్‌కు బయలుదేరే ముందు జాగ్రత్తలు

ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో డెవన్‌షైర్ డ్యూకుల ఇల్లు ఇది. ఒక్కరోజులో చూసిరావాలంటే ఇవి గుర్తుంచుకోండి.

- తేదీ ముందు చూసుకోండి. చలికాలంలో కొన్ని వారాలు ఇల్లు మూసేస్తారు.

- టికెట్లు మీ ఇంటి నుంచే ముందుగా కొనుక్కోండి. తోటకు మాత్రమే వేరే టికెట్ ఉంటుంది. పొరపాటున అదే తీసుకుంటే లోపలి గదులు దక్కవు.

- రైల్లో వెళ్తే చెస్టర్‌ఫీల్డ్‌లో దిగి బస్సు పట్టుకోవాలి. తిరుగు బస్సు సమయం రాసిపెట్టుకోండి.

- బూట్లు ముఖ్యం. తోటే 105 ఎకరాలు, పైగా ఎగుడుదిగుడు. తడిసిన గడ్డి మీద చెప్పులు జారతాయి, పట్టుచీరల సంగతి చెప్పనక్కర్లేదు.

- రాళ్ల తోటలో ఆకులు రాలిన విల్లో చెట్టులా ఒకటి కనిపిస్తుంది. దగ్గరికి వెళ్లి ఫొటోకు నిలబడకండి. అది లోహపు చెట్టు, కొమ్మల నుంచి నీళ్లు చిమ్ముతుంది. 1690ల్లో మొదలైన ఈ చిలిపి పని నేటికీ సాగుతోంది. ఫోను జేబులో పెట్టుకోండి.

- ఇంట్లో సంగీతపు గదికి తొందరపడకుండా వెళ్లండి. సగం తెరిచిన తలుపు వెనక వయొలిన్ వేలాడుతుంటుంది. నిజానికి అది రంగులతో గీసిన బొమ్మ! తాకి చూడాలనిపిస్తుంది, తాకకండి.

- తినడానికి అరటిపళ్లు పెట్టుకోండి. మన పులివెందుల తోటల్లోని జీ-9 రకానికి మూలమైన కావెండిష్ అరటికి ఆ పేరు ఈ డ్యూకుల ఇంటిపేరు నుంచే వచ్చింది. 1830ల్లో ఇక్కడి తోటమాలి జోసెఫ్ పాక్స్‌టన్ దాన్ని పెంచాడు.

- గొడుగు కన్నా టోపీ ఉన్న వానకోటు మేలు.