కంప్యూటర్‌లో తెలుగు, 4వ పాఠం: @ ఎక్కడికి పోయింది?

ఈసారి షిఫ్ట్ పట్టుకుని కొట్టే ఖ, ఘ, ఛ, ఝల సంగతి చెబుతానన్నాను. అవి వచ్చే పాఠానికి వాయిదా. ముందు నేను అంటించిన మంట నేనే ఆర్పాలి.

పోయిన పాఠంలో రెండు కీబోర్డ్ లేఅవుట్లు పెట్టుకోమన్నాను, ఇంగ్లీషు ఒకటి, తెలుగు ఒకటి. తెలుగు గురించి రెండు పేజీలు రాసి, ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి బద్ధకించాను. "ఇండియా అయినా, యునైటెడ్ కింగ్‌డమ్ అయినా ఏదో ఒకటి ఎంచుకోండి, ఇంగ్లీషు ఇంగ్లీషే" అని ఒక్క వాక్యంతో దాటేశాను. ఆ వాక్యం కొట్టేయండి. దాన్ని నమ్మి యునైటెడ్ కింగ్‌డమ్ ఎంచుకున్నవాళ్లలో చాలామంది ఒకే మాట రాశారు: "పాస్‌వర్డ్ సరిగ్గానే కొడుతున్నా, తప్పు అంటోంది." ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారైతే "తెలుగు నేర్పిస్తానని నా మెయిల్‌కి తాళం వేశావు నాయనా" అన్నారు. మాస్టారూ, తాళం వేసింది నేనే, ఒప్పుకుంటున్నాను. తాళంచెవి కింద ఉంది.

మన దగ్గర అమ్మే కీబోర్డుల మీద అచ్చేసి ఉండేది అమెరికా వరస. 2 అంకె మీద @, 3 మీద #. కానీ కంప్యూటర్ ఆ అచ్చును చూడదు. ఏ మీట నొక్కారన్న నంబరు మాత్రమే దానికి అందుతుంది. (మీరు కీ అనండి, నేను మీట అనే అంటాను.) ఆ నంబరుకు ఏ అక్షరం వేయాలో చెప్పే పట్టికే లేఅవుట్. బ్రిటన్ పట్టికలో కొన్ని గుర్తులు తారుమారుగా ఉంటాయి. షిఫ్ట్‌తో 2 నొక్కితే @ రాదు, " వస్తుంది. ఎంటర్ పక్కన కొటేషన్ మీటను షిఫ్ట్‌తో నొక్కితే అక్కడ @ ప్రత్యక్షం. షిఫ్ట్‌తో 3 నొక్కితే # బదులు పౌండ్ గుర్తు £. # కావాలంటే ఎంటర్ పైన ఉండే బ్యాక్‌స్లాష్ మీట నొక్కాలి. మరి బ్యాక్‌స్లాష్? బ్రిటన్ కీబోర్డుల్లో ఎడమ షిఫ్ట్ పక్కన ఒక మీట ఎక్కువ ఉంటుంది, అది అక్కడ ఉంటుంది. మన కీబోర్డులో ఆ మీటే లేదు. కాబట్టి దొరకదు.

అక్షరాలు, అంకెలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. అందుకే రోజంతా ఇంగ్లీషు కొట్టినా తేడా తెలియదు. పాస్‌వర్డ్ దగ్గర మాత్రమే దొరికిపోతాం, అక్కడేమో చుక్కలు తప్ప ఏమీ కనపడవు. నాలుగంకెల పిన్‌తో కంప్యూటర్ తెరిచేవాళ్లకు ఈ గొడవ అసలు తగల్లేదు. "మాకు బాగానే ఉందే" అని రాసింది వాళ్లే.

ఇక అసలు ముడి. దీన్ని నిదానంగా చదవండి, ఎందుకంటే సగం చదివి సెట్టింగ్స్‌లోకి పరిగెత్తినవాళ్లే రెండోసారి ఇరుక్కున్నారు.

మీరు రెండు రకాల్లో ఒకరు. మొదటి రకం: పాస్‌వర్డ్ పాతది, అమెరికా వరస ఉన్నప్పుడు పెట్టుకున్నది. మీకు సులువు. బ్రిటన్ లేఅవుట్ తీసేస్తే చాలు, అన్నీ యథాస్థానానికి వస్తాయి.

రెండో రకం: తప్పు అంటోందని విసుగొచ్చి, "ఫర్గాట్ పాస్‌వర్డ్" నొక్కి, కొత్తది పెట్టుకున్నవాళ్లు. బ్రిటన్ లేఅవుట్ మీద ఉండగానే పెట్టుకున్నారు. ఉదాహరణకు మీరు వేళ్లతో కొట్టింది మామిడి@75 అనుకుందాం. (తెలుగులో పాస్‌వర్డ్ పెట్టకండి, ఇది ఉదాహరణ.) మీరు నొక్కింది షిఫ్ట్, 2. లోపల పడింది " గుర్తు. అంటే మీ నిజమైన పాస్‌వర్డ్ మామిడి"75. ఆ సంగతి మీకు తెలియదు. బ్రిటన్ వరస ఉన్నంతకాలం అదే వేలు అదే మీట మీద పడి తలుపు తెరుచుకుంటూనే ఉంటుంది. నా మాట విని లేఅవుట్ తీసేసిన క్షణం, అదే వేలు అదే మీట మీద నిజమైన @ కొడుతుంది, తలుపు మూసుకుంటుంది. ఫోన్‌లో అదే మెయిల్ తెరవబోతే అక్కడా రాదు, ఎందుకంటే ఫోన్‌లో మీరు కళ్లతో చూసి @ నొక్కుతారు. పాస్‌వర్డులో # ఉంటే ఇంకా ఘోరం. లోపల పడింది £, దాన్ని అమెరికా వరసలో కొట్టడానికి మామూలు దారే లేదు.

అందుకని ఈ వరస తప్పకండి. బ్రిటన్ లేఅవుట్ తీయకముందే, అది ఉండగానే లాగిన్ అవండి. అమెరికా లేఅవుట్ జోడించండి. పాత పాస్‌వర్డ్ అడిగిన చోట బ్రిటన్ మీద ఉండి కొట్టండి, కొత్త పాస్‌వర్డ్ అడిగిన రెండు పెట్టెల్లో విన్ (విండోస్ బొమ్మ ఉండే మీట), స్పేస్ కలిపి నొక్కి అమెరికాకు మారి కొట్టండి. కన్ను గుర్తు ఉంటే నొక్కి కళ్లారా చూసుకోండి. మెయిలు, బ్యాంకు, రైలు టికెట్ల ఖాతా, ఈ మధ్య దేని పాస్‌వర్డ్ మార్చారో అన్నింటికీ ఇలాగే. అన్నీ అయ్యాకే బ్రిటన్‌ను సాగనంపండి.

సాగనంపడం విండోస్ 11లో ఇలా: సెట్టింగ్స్, టైమ్ అండ్ లాంగ్వేజ్, లాంగ్వేజ్ అండ్ రీజియన్. ఇంగ్లీషు పక్కన మూడు చుక్కలు, లాంగ్వేజ్ ఆప్షన్స్. కింద కీబోర్డుల జాబితా కనిపిస్తుంది. ముందు యాడ్ నొక్కి యూఎస్ కీబోర్డ్ తెచ్చుకోండి, తర్వాతే యునైటెడ్ కింగ్‌డమ్ పక్కన రిమూవ్. ఒక్క కీబోర్డే ఉంటే రిమూవ్ పనిచేయదు. భాషకు కనీసం ఒక కీబోర్డన్నా ఉండాలన్నది విండోస్ పట్టుదల. ఇక్కడ భాష పేరు యునైటెడ్ కింగ్‌డమ్ అనే ఉండిపోయినా నష్టం లేదు. భాష వేరు, కీబోర్డ్ వేరు. స్పెల్లింగ్ బ్రిటన్‌ది, మీటల వరస అమెరికాది, హాయిగా కాపురం చేస్తాయి.

తలుపు బయటే ఉండిపోయినవాళ్లకు: లాగిన్ తెర కింద కుడి మూలన భాష గుర్తు ఉంటుంది, నొక్కి లేఅవుట్ మార్చుకోవచ్చు. అదీ కాకపోతే, అదే మూలన ఉన్న యాక్సెసిబిలిటీ బొమ్మలో ఆన్-స్క్రీన్ కీబోర్డ్ తెరవండి. అది ఆ సమయంలో ఏ లేఅవుట్ ఉందో ఆ అక్షరాలనే చూపిస్తుంది, షిఫ్ట్ నొక్కి చూస్తే @ ఎక్కడ దాక్కుందో తెలిసిపోతుంది.

ఇండియా ఇంగ్లీషు ఎంచుకున్నవాళ్లు బతికిపోయారు. అందులో @ మారదు. పైగా కుడి ఆల్ట్ పట్టుకుని 4 నొక్కితే రూపాయి గుర్తు ₹ వస్తుంది. లెక్కలు రాసుకునేవాళ్లకు నా సలహా ఇదే. నేను మాత్రం యూఎస్ వాడతాను, పాత అలవాటు.

పాస్‌వర్డ్ గొడవ తర్వాత వచ్చిన ఇంకో ఫిర్యాదు చిన్నది. "విన్, స్పేస్ కలిపి నొక్కితే తెలుగు వస్తోంది కానీ కె నొక్కితే ఒకోసారి క, ఒకోసారి ఇంకేదో." మీ జాబితాలో తెలుగు కింద రెండు కీబోర్డులున్నాయి, అదీ సంగతి. ఒకటి ఇన్‌స్క్రిప్ట్, భారత ప్రభుత్వ ప్రమాణం, 1986 నుంచి ఉన్నది. రెండోది ఫొనెటిక్, 2019 మే నాటి విండోస్ 10 అప్‌డేట్‌తో వచ్చింది. ఇంగ్లీషు స్పెల్లింగుతో కొడితే తెలుగు చేసిపెడుతుంది. ఈ పాఠాలు ఇన్‌స్క్రిప్ట్ మీదే నడుస్తాయి. ఫొనెటిక్ మంచిది కాదని కాదు. 'తల'కూ 'తాళం'కూ తేడా ఇంగ్లీషు అక్షరాల్లో ఆలోచించి తెలుగు రాయడం నాకు చేతకాదు, అంతే. ఇన్‌స్క్రిప్ట్‌లో ఇంకో లాభం, రేపు హిందీ లేఅవుట్ పెట్టుకున్నా క ఉండేది అదే కె మీట మీద. ఏదో ఒకటి ఉంచుకుని రెండోది తీసేయండి. రెండూ కావాలని పట్టుబడితే విన్ మీట వదలకుండా పట్టుకుని స్పేస్ ఒక్కొక్కసారి తట్టండి, జాబితా కనిపిస్తుంది. గుడ్డిగా రెండుసార్లు టకటకా కొట్టకండి. విన్, కంట్రోల్, స్పేస్ కలిపి నొక్కితే అంతకుముందు వాడినదానికి వెళ్తుంది. మూడు లేఅవుట్ల మధ్య నలిగేవాళ్లకు అదొక్కటే దిక్కు.

దానంతటదే మారిపోతోందన్న ఫిర్యాదుకు మూలం విండోస్ పాత అలవాట్లు. ఎడమ ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కితే భాష మారుతుంది. కంట్రోల్, షిఫ్ట్ కలిపి నొక్కితే ఒకే భాషలో కీబోర్డ్ మారుతుంది. వర్డ్‌లో పదాలు సెలెక్ట్ చేద్దామని కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని, మనసు మార్చుకుని వదిలేస్తారు చూశారా, అప్పుడు మారిపోతుంది. నేను ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా మొదట చేసే పని ఈ రెండింటినీ ఆపేయడం. సెట్టింగ్స్, టైమ్ అండ్ లాంగ్వేజ్, టైపింగ్, అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్, ఇన్‌పుట్ లాంగ్వేజ్ హాట్ కీస్. చేంజ్ కీ సీక్వెన్స్ నొక్కి రెండింటికీ నాట్ అసైన్డ్ పెట్టండి. విన్, స్పేస్ ఒక్కటి చాలు.

అదే పేజీలో ఒక్కో కిటికీకి ఒక్కో లేఅవుట్ గుర్తుంచుకునే టిక్కు కూడా ఉంది. నాకది ప్రాణం. వర్డ్ తెలుగులోనే ఉంటుంది, బ్రౌజర్ ఇంగ్లీషులోనే ఉంటుంది. కొత్తవాళ్లు రెండు వారాలు ఆగి పెట్టుకోండి, లేకపోతే నాకు ఇంకో కట్ట మెయిళ్లు వస్తాయి.

జాబితాలో లేని కీబోర్డ్ విన్, స్పేస్‌లో మాత్రం దెయ్యంలా కనిపిస్తుంటే, ఆ భాషనే జాబితాలోకి జోడించి, వెంటనే తీసేయండి. వింతగా ఉంటుంది కానీ పనిచేస్తుంది.

లినక్స్ వాళ్లు తక్కువే, గొడవలూ తక్కువే. ఉబుంటులో సెట్టింగ్స్, కీబోర్డ్, ఇన్‌పుట్ సోర్సెస్. ఇంగ్లీషు పైన, తెలుగు కింద ఉంచండి. తెలుగు ఒక్కటే ఉంచి ఇంగ్లీషు తీసేస్తే కంట్రోల్+సి లాంటి షార్ట్‌కట్లు కొన్ని ప్రోగ్రాముల్లో తికమక పడతాయి. మార్చడానికి సూపర్ (అంటే విన్ మీటే), స్పేస్. నేను ట్వీక్స్ అనే సెట్టింగుల ప్రోగ్రాములోకి వెళ్లి క్యాప్స్ లాక్‌కే ఆ పని అప్పగించాను. క్యాప్స్ లాక్ చేసే ఉపకారం ఇంకేమైనా ఉందా అసలు? డీటీపీ సెంటర్లలో యాపిల్ వరసకు అలవాటు పడ్డవాళ్లు ఐబస్‌లో (లినక్స్‌లో రకరకాల భాషలు కొట్టడానికి వాడే ప్రోగ్రాము) ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుంటే తెలుగు యాపిల్ దొరుకుతుంది, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతి కూడా అందులోనే ఉంటుంది. మ్యాక్ నా దగ్గర లేదు, అడగకండి.

అభ్యాసం. పాఠం గొడవల్లోనే గడిచిపోయింది కాబట్టి ఇది కాస్త గట్టిగా ఉంటుంది. నోట్‌ప్యాడ్ తెరవండి. మౌస్‌ను పక్కకు, చేయి అందనంత దూరం పెట్టండి.

ముందు ఇంగ్లీషులో ఉండి షిఫ్ట్‌తో 2, షిఫ్ట్‌తో 3, షిఫ్ట్‌తో కొటేషన్ మీట వరసగా కొట్టండి. @#" అని రావాలి. "£@ అని వస్తే పైన మొదటి నుంచి మళ్లీ చదవండి, ముందుకు రావద్దు.

తర్వాత తెలుగుకు మారి ఇవి: కాకి అంటే కె, ఇ, కె, ఎఫ్. తెలుగు అంటే ఎల్, జెడ్, ఎన్, జి, ఐ, జి. అమ్మ అంటే షిఫ్ట్‌తో డి, తర్వాత సి, డి, సి. పుస్తకం అంటే హెచ్, జి, ఎం, డి, ఎల్, కె, ఎక్స్. మధ్యలో షిఫ్ట్ లేకుండా కొట్టే ఆ డి పొల్లు గుర్తు, దాని తర్వాత కొట్టిన హల్లు ఒత్తుగా కిందకు దిగుతుంది. లక్క మీరే కనుక్కోండి.

చివరిది. మీ ఊరు గురించి పది వాక్యాలు. ప్రతి వాక్యంలో కనీసం ఒక ఇంగ్లీషు మాట ఇంగ్లీషు లిపిలోనే ఉండాలి, మూడో వాక్యంలో ఏదో ఒక మెయిల్ అడ్రస్ ఉండాలి (@ కోసం), ఏడో దాంట్లో ఒక ధర ఉండాలి. తప్పు పడితే బ్యాక్‌స్పేస్‌తో ఆ ఒక్క మాట దిద్దడం కాదు, ఆ వాక్యం మొదటి నుంచి మళ్లీ కొట్టాలి. నాకు మొదటిసారి గంటంబావు పట్టింది. మీకు అంతకన్నా తక్కువ పడితే మీరు మోసం చేస్తున్నారు, లేదా మీది చిన్న ఊరు.