ఢిల్లీ కారు తెచ్చుకుంటే నిజంగా ఎంత మిగులుతుంది, అసలు ఎలా తేవాలి

"బావా, ఢిల్లీలో ఇదే బండి మూడు లక్షలు తక్కువ" అని మా బామ్మర్ది ఒకరోజు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసాడు. ఆ మూడు లక్షల వెనకాల పడి రెండు నెలలు తిరిగాం. బండి వచ్చింది, బానే ఉంది, డబ్బులు కూడా మిగిలాయి, కానీ మూడు లక్షలు కాదు, దాంట్లో నాలుగో వంతు. ఆ మిగతాది ఎక్కడికి పోయిందో, ఏ పని ఏ వరసలో చేసుకోవాలో రాస్తున్నా, ఈమధ్య తెలిసినవాళ్ళు చాలామంది అడుగుతున్నారు కాబట్టి.

ముందు అక్కడ ఎందుకు చవకో తెలియాలి. 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ (పర్యావరణ కేసులు చూసే కోర్టు) ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్ళు దాటిన డీజిల్ బళ్ళు, పదిహేనేళ్ళు దాటిన పెట్రోల్ బళ్ళు తిరగకూడదంది, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. తర్వాత 2025 ఆగస్టులో కోర్టు ఇలాంటి బళ్ళ ఓనర్ల మీద గట్టి చర్యలు వద్దని చెప్పింది, అలా అటూ ఇటూ మారుతూనే ఉంది గానీ జనానికి భయం మాత్రం పోలేదు. పైగా చలికాలం పొల్యూషన్ ముదిరితే బీఎస్ 4 (ఇప్పటి బీఎస్ 6కి ముందున్న పొల్యూషన్ ప్రమాణం) డీజిల్ కార్లు కూడా బయటికి తీయొద్దంటారు. అందుకే ఏడెనిమిదేళ్ళ డీజిల్ బండి అంటే అక్కడ ఓనర్‌కి గుండెల మీద కుంపటి. మనకి ఆ పదేళ్ళ రూల్ లేదు, పదిహేనేళ్ళ దాకా ఆర్‌సీ నడుస్తుంది, అదే బండి మన దగ్గర ఇంకా మంచి రేటు పలుకుతుంది. మొత్తం బేరం అంతా ఈ తేడా మీదే. కాబట్టి చిన్న పెట్రోల్ కార్ల కోసం ఢిల్లీ వెళ్ళడం నా దృష్టిలో దండగ, వాటికి తేడా తక్కువ, ఖర్చులు మాత్రం పెద్ద బండికి అయినట్టే అవుతాయి. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల జీఎస్టీ 18 శాతానికి తగ్గింది కదా, ఒకసారి కొత్తది ఎంతకొస్తుందో కూడా చూసుకోండి.

ఇప్పుడు అసలు సంగతి, లైఫ్ టాక్స్. ఢిల్లీలో కట్టిన రోడ్ టాక్స్ ఢిల్లీదే, ఇక్కడ మళ్ళీ కట్టాలి. చాలామంది పొరబడేది ఎక్కడంటే, "ఆరు లక్షలకి కొన్నా కాబట్టి ఆరు లక్షల మీద టాక్స్" అనుకుంటారు. కాదు. బండి కొత్తగా కొన్నప్పటి ఇన్‌వాయిస్ రేటు మీద లెక్కేస్తారు. తెలంగాణలో కొత్త కార్లకి 13 శాతం దగ్గర మొదలై ఖరీదైన వాటికి 20 చుట్టుపక్కల దాకా ఉంది, పాత బండికి వయసుని బట్టి శాతం తగ్గుతుంది గానీ మార్కెట్‌లో రేటు పడిపోయినంత స్పీడుగా తగ్గదు. అంటే ఒకప్పుడు 16 లక్షలకి కొన్న బండి ఇప్పుడు మీకు ఐదున్నరకి దొరికినా, ఉదాహరణకి పది శాతం పడిందనుకుందాం, లక్షా అరవై వేలు. హైదరాబాద్‌లో అదే బండి ఏడున్నర ఉంటే తేడా రెండు లక్షలు, అందులో లక్షా అరవై టాక్స్‌కే పోయింది, మిగిలిన నలభై వేలు ప్రయాణానికీ ఇన్సూరెన్స్‌కీ సరి. అంటే మీరు ఢిల్లీ చూసొచ్చారు, అంతే. అందుకని బండి చూడకముందే దాని అసలు ఇన్‌వాయిస్ కాపీ అడగండి, మీ ఆర్టీఏ ఆఫీసులో ఆ వయసుకి ఆ రేటుకి ఎంత పడుతుందో కనుక్కోండి, ఆంధ్రా వాళ్ళు అక్కడి రేటు చూసుకోండి. ఆ అంకె చేతిలో లేకుండా టికెట్ బుక్ చేయొద్దు.

మా లెక్క చెప్తా. బండి 6 లక్షల 20 వేలు. ఇక్కడ అలాంటిది తొమ్మిదిన్నర చెప్పారు. టాక్స్ లక్షా 60 వేలు, ఫ్లైట్లు డీజిల్ టోల్ రూములు అన్నీ కలిపి 28 వేలు, కాగితాలకీ అక్కడి ఏజెంట్‌కీ 12 వేలు, ఇన్సూరెన్స్ 20 వేలు. మొత్తం 8 లక్షల 40 వేలు తేలింది. లక్షా పది మిగిలిందని సంబరపడుతుంటే వచ్చిన నెలకే టైర్లు నాలుగూ మార్చాల్సొచ్చింది, 32 వేలు. చివరికి 78 వేలు మిగిలాయి. రెండు నెలల తిరుగుడుకి ఇది ఎక్కువా తక్కువా మీరే చెప్పండి.

సరే, లెక్క కుదిరింది, వెళ్తున్నారు. కరోల్ బాగ్‌లో సెకండ్ హ్యాండ్ షాపులు వరసగా ఉంటాయి, అక్కడ తిరిగితే రేట్ల మీద ఐడియా వస్తుంది, కానీ ఓనర్ దగ్గర నేరుగా దొరికితే అదే మంచిది, ఎందుకో తర్వాత చెప్తా. డీలర్ దగ్గరైతే 2023 ఏప్రిల్ నుంచి పాత బళ్ళు అమ్మేవాళ్ళకి ఆర్టీఓ ఇచ్చే ఆథరైజేషన్ ఉండాలి, బండి డీలర్‌కి అప్పజెప్పినట్టు ఓనర్ ఫారం 29సీ పెట్టాలి. అవి చూపించమంటే సగం మంది మాట మార్చేస్తారు, అప్పుడే మీకు వాళ్ళ సంగతి తెలిసిపోతుంది.

బండిలో ఏం చూడాలంటే, మీటర్ రీడింగ్ మాత్రం నమ్మొద్దు. రిజిస్ట్రేషన్ నెంబర్ పట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్ళి హిస్టరీ అడగండి, ఓనర్ పక్కనుంటే ఇస్తారు. మాకు మొదట నచ్చిన బండి మీటర్‌లో 58 వేలు, రెండేళ్ళ కిందటి సర్వీస్ రికార్డ్‌లో 91 వేలు! టైర్ మీద నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండు అది తయారైన వారం, తర్వాతి రెండు సంవత్సరం. 40 వేలు తిరిగిన బండికి రెండో సెట్ టైర్లు కూడా అరిగిపోయి ఉంటే అర్థం చేసుకోండి. ఢిల్లీ ట్రాఫిక్‌లో క్లచ్ తొందరగా పోతుంది, బంపర్లు గీతలు లేకుండా ఉండవు, వాటికి కంగారు పడక్కర్లేదు, రేటు తగ్గించుకోండి. భయపడాల్సింది నీళ్ళకి. 2023 జూలైలో యమునకి వరద వచ్చి ఎప్పుడూ లేనంతగా 208 మీటర్లు దాటింది, ఊళ్ళోకి నీళ్ళొచ్చాయి, అలా మునిగిన బళ్ళు కడిగి తుడిచి అమ్మేసే వాళ్ళు ఉంటారు. సీట్ బెల్ట్ చివరిదాకా బయటికి లాగి చూడండి, లోపలి భాగంలో మట్టి మరక ఉందా అని. సీటు కింద పట్టాల తుప్పు, స్టెప్నీ కింద గుంటలో బురద, ఫ్యూజ్ బాక్స్ లోపల పచ్చటి పాచి చూడండి. కార్పెట్ ఎత్తనివ్వకపోతే లేచి వచ్చేయండి.

అద్దం మీద చిన్న రంగు స్టిక్కర్ కూడా చూడండి, ఆరెంజ్ అయితే డీజిల్, లేత నీలం అయితే పెట్రోల్ లేదా సీఎన్‌జీ. సీఎన్‌జీ బండి చవగ్గా దొరుకుతోందని ఆశపడకండి, మన దగ్గర అక్కడున్నన్ని బంకులు లేవు, పైగా సిలిండర్‌కి మూడేళ్ళకోసారి హైడ్రో టెస్ట్ (నీళ్ళ ఒత్తిడి పెట్టి చూసే పరీక్ష) ఉంటుంది, బయట పెట్టించిన కిట్ ఆర్‌సీలో ఎక్కకపోతే ఇక్కడ ఇన్‌స్పెక్షన్‌లో బండి పక్కన పెట్టేస్తారు.

ఇక కాగితాలు, నిజం చెప్పాలంటే బండి కన్నా ఇవే ముఖ్యం. ఆర్‌సీలో పేరున్న మనిషే మీకు అమ్మాలి, ఆ మనిషితో మీరు మాట్లాడాలి. ఎందుకంటే ఎన్ఓసీకి (బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోడానికి అభ్యంతరం లేదని అక్కడి ఆర్టీఓ ఇచ్చే కాగితం) అప్లై చేస్తే ఓటీపీ ఆయన ఫోన్‌కే వెళ్తుంది, సంతకం ఆయనదే మ్యాచ్ అవ్వాలి. చేతులు మారిన బండి అయితే ఓనర్ ఎక్కడున్నాడో డీలర్‌కే తెలియదు, ఖాళీ ఫారాల మీద సంతకాలు చూపించి "సబ్ హో జాయేగా భయ్యా" అంటాడు. 2025 నవంబర్‌లో ఎర్రకోట దగ్గర పేలిన కారు కూడా అలా పేరు మార్చకుండా చేతులు మారిన బండేనని అందరం వార్తల్లో చూసాం, ఆ తర్వాత అక్కడ ఇంకా టైట్ చేసారు. మేం కొన్నది ఒక రిటైరైన పెద్దాయన దగ్గర, ఆయన ప్రతిసారీ ఓటీపీ వచ్చిన వెంటనే ఫోన్ చేసి చదివి వినిపించేవాడు, అలాంటి అంకుల్ దొరికితే పదివేలు ఎక్కువైనా ఇచ్చేయండి.

అప్లై చేసేముందు పెండింగ్ చలాన్లు క్లియర్ చేయించండి, ఢిల్లీలో కెమెరా చలాన్లు గుట్టలుగా ఉంటాయి, ఈ-చలాన్ సైట్‌లో నెంబర్ కొడితే వచ్చేస్తాయి. లోన్ ఉంటే అప్పు తీరిందని బ్యాంక్ ఇచ్చే ఎన్ఓసీతో పాటు ఫారం 35 పెట్టి ఆర్‌సీలోంచి బ్యాంక్ పేరు తీయించాలి, లోన్ కట్టేసాం కదా అని ఊరుకోకూడదు. దొంగ బండి కాదని చూసుకోడానికి ఎన్‌సీఆర్‌బీ (కేంద్రం నేర రికార్డుల విభాగం) వాళ్ళ వాహన్ సమన్వయ్ సైట్‌లో చెక్ చేసి ప్రింట్ తీసుకోండి. తర్వాత ఫారం 28, అదే ఎన్ఓసీ అప్లికేషన్. చాసిస్ నెంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దిన ప్రింట్లు అడుగుతారు, ఒకటికి నాలుగు తీసి పెట్టుకోండి. ఆ చాసిస్ నెంబర్ ఆర్‌సీలో ఉన్నదే అవునా అని ఒక్కొక్క అంకె మీరే చదవండి.

మేం దెబ్బతిన్నది ఇక్కడే. ఎన్ఓసీలో ఏ ఆర్టీఏ ఆఫీసుకి వెళ్తుందో రాయాలి. అక్కడి ఏజెంట్ హైదరాబాద్ అంటే ఒకటే ఆఫీస్ అనుకుని ఖైరతాబాద్ అని పెట్టేసాడు, మా బామ్మర్ది అడ్రస్ మేడ్చల్ కిందకి వస్తుంది. చూసుకోకుండా తెచ్చేసాం, ఇక్కడికొచ్చాక తీసుకోం అన్నారు, మళ్ళీ ఢిల్లీకి పంపి మార్పించేసరికి 26 రోజులు. కాబట్టి మీ ఆధార్‌లో ఉన్న అడ్రస్ ఏ ఆఫీస్ కిందకి వస్తుందో ముందే కనుక్కుని, ఆ పేరు స్పెల్లింగ్‌తో సహా వాట్సాప్‌లో పంపండి, సబ్‌మిట్ కొట్టేముందు స్క్రీన్ ఫొటో అడగండి.

డబ్బులు మొత్తం ఒకేసారి ఇవ్వకండి. ఎన్ఓసీ చేతికొచ్చేదాకా కనీసం ఒక యాభై వేలు ఆపండి, "కొరియర్ చేస్తాం" అనే మాటకి బండి తెచ్చుకుంటే ఆ కొరియర్ ఎప్పటికి వస్తుందో ఎవరికీ తెలియదు. బ్యాంక్ నుంచే పంపండి, రెండు లక్షలు ఆపైన క్యాష్ తీసుకోకూడదని ఇన్‌కమ్ టాక్స్ రూల్ ఉంది, పైగా రేపు తేడా వస్తే మీ దగ్గర రుజువు ఉంటుంది. బండితో పాటు ఇవన్నీ తీసుకోండి: పేరు మార్పుకి ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30, ఓనర్ ఆధార్, పాన్ కాపీలు, సేల్ లెటర్, ఒరిజినల్ ఆర్‌సీ, పొల్యూషన్, ఇన్సూరెన్స్, ఒరిజినల్ ఇన్‌వాయిస్, రెండో తాళం. రెండో తాళం మర్చిపోతారు, నేను కూడా మర్చిపోయా, కొత్తది చేయించాలంటే వాచిపోతుంది.

తీసుకురావడం అంటే రెండు దారులు, కార్ క్యారియర్ లారీలో వేయడం లేదా మీరే నడుపుకుంటూ రావడం. నేనైతే నడుపుకుని రమ్మంటా, పదిహేను వందల కిలోమీటర్లు నడిపితే బండి జాతకం మొత్తం బయటపడుతుంది. ఎన్‌హెచ్ 44 ఒకటే రోడ్డు, ఆగ్రా, గ్వాలియర్, ఝాన్సీ, సాగర్, సియోనీ, నాగ్‌పూర్, ఆదిలాబాద్, నిర్మల్. మేం మొదటి రాత్రి ఝాన్సీ, రెండో రాత్రి నాగ్‌పూర్ ఆగాం. సియోనీ దాటాక పెంచ్ అడవిలో జంతువులు కిందనుంచి పోవడానికి రోడ్డుని పైకెత్తి కట్టారు, ఆ బిట్ పగలు వచ్చేలా ప్లాన్ చేసుకోండి, బావుంటుంది. పెన్‌గంగ బ్రిడ్జి దాటగానే మొదటి ధాబాలో అన్నం పప్పు తిన్నాం, మూడు రోజుల రోటీల తర్వాత అదొక పండగ. బయల్దేరేముందు ఇన్సూరెన్స్ డేట్ చూసుకోండి, పాత ఓనర్ ఫాస్టాగ్ క్లోజ్ చేయించి మీ పేరు మీద వేరేది తీసుకోండి, లేకపోతే మీ టోల్ ఆయన అకౌంట్‌లోంచి పోతుంది.

ఇంటికొచ్చాక సాగదీయొద్దు. వేరే స్టేట్ నెంబర్‌తో 12 నెలల దాకా ఉండొచ్చని చట్టంలో ఉంది కదా అంటారు, అది నెంబర్ మార్చుకోడానికి ఇచ్చిన టైమ్, టాక్స్ అడిగేవాళ్ళు అంతవరకు ఆగరు, డీఎల్ ప్లేట్ కనబడితే ఆపి అడుగుతారు. పేరు మార్పు అయితే కొన్న 30 రోజుల్లో పెట్టాలి. ఫారం 27 కొత్త నెంబర్‌కి, 29, 30 పేరు మార్పుకి, ఎన్ఓసీతో కలిపి ఒకేసారి ఇవ్వండి. స్లాట్ బుక్ చేసుకుని బండి తీసుకెళ్తే ఇన్‌స్పెక్టర్ చాసిస్ నెంబర్ చూస్తాడు, టాక్స్ కడితే టీజీ నెంబర్ వస్తుంది, తర్వాత హై సెక్యూరిటీ ప్లేట్ వేయించుకోవాలి. ఇన్సూరెన్స్ మీ పేరు మీదకి 14 రోజుల్లో మార్పించుకోండి, నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మాత్రం మీకు రాదు, అది పాత ఓనర్‌ది, అందుకని ప్రీమియం అనుకున్నదానికన్నా ఎక్కువ వస్తే ఏజెంట్‌తో గొడవ పడకండి.

మధ్యలో ఒకాయన "ఇదంతా ఎందుకు, యానాం అడ్రస్ పెట్టి పీవై 04 నెంబర్ తీసుకుంటే టాక్స్ తక్కువ కదా" అని సలహా ఇచ్చాడు. యానాంలో నిజంగా ఉండేవాళ్ళకి ఓకే, మిగతావాళ్ళకి అది దొంగ అడ్రస్ కేస్, పైగా తిరిగేది ఇక్కడైతే ఇక్కడి టాక్స్ ఎలాగూ అడుగుతారు. అమెరికా దుబాయ్ నుంచి తెచ్చుకుంటాం అనేవాళ్ళకి కూడా ఒక మాట, అక్కడ స్టీరింగ్ ఎడమవైపు, మన దగ్గర కుడివైపు ఉన్నవే రానిస్తారు, డ్యూటీలు అన్నీ కలిపితే కారు రేటు డబుల్ దాటిపోతుంది.

కొత్త ఆర్‌సీ వచ్చాక దాని కాపీ ఒకటి పాత ఓనర్‌కి పంపండి. మిగిలిన కాలానికి ఢిల్లీలో కట్టిన టాక్స్‌లో కొంత రీఫండ్ అడగడానికి ఆయనకి అది కావాలి, అది మీకు రావాలంటే బేరం దగ్గరే మాట్లాడుకుని సేల్ లెటర్‌లో రాయించుకోవాలి. మేం రాయించుకోలేదు. అంకుల్‌కి కాపీ పంపితే "బహుత్ అచ్ఛా బేటా" అని, మా బామ్మర్దికి దీపావళికి ఒక స్వీట్ బాక్స్ కొరియర్ చేసాడు.