క్రిస్మస్ సెలవుల కారు ప్రయాణానికి ముందు బాస్కెట్‌బాల్ మ్యాచ్: అమెరికా వెళ్లే మన జిల్లాల తల్లిదండ్రులకు

మా కావలిలో మేముండే వీధిలోనే నాలుగిళ్ల పిల్లలు అమెరికాలో ఉన్నారు. ఒంగోలుకు వెళ్లినా, నెల్లూరుకు వెళ్లినా పరిస్థితి ఇదే. డిసెంబరులో సెలవులు కలిసి వస్తాయని పిల్లలు తల్లిదండ్రులను రమ్మంటారు, క్రిస్మస్ రోజుల్లో కారులో నాలుగు ఊళ్లు తిప్పి చూపిస్తామంటారు. ఈమధ్య ఆ ప్రయాణానికి ముందు రోజో అంతకు ముందు రోజో ఎన్‌బీఏ (అక్కడి పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్) మ్యాచ్ కూడా చూపించడం చాలా ఇళ్లలో అలవాటైంది. మా అబ్బాయి టెక్సాస్ రాష్ట్రంలోని డల్లాస్ దగ్గర ఉండటం వల్ల నేనూ, మా ఇంటావిడా రెండుసార్లు అలా వెళ్లాము. మొదటిసారి మ్యాచ్ వేరు, ప్రయాణం వేరు అనుకొని ఇబ్బంది పడ్డాము. రెండోసారి రెండింటినీ ఒకే పనిగా భావించి ముందే సర్దుకున్నందువల్ల రెండూ హాయిగా సాగాయి. ఆ సర్దుబాటు ఎలా చేసుకోవాలో, వచ్చే డిసెంబరులో బయలుదేరే వారి కోసం రాస్తున్నాను.

ముందుగా తేదీ సంగతి చూడాలి. ఎన్‌బీఏలో 30 జట్లు ఉన్నాయి. ఒక్కొక్క జట్టు అక్టోబరు నుంచి ఏప్రిల్ వరకు 82 మ్యాచ్‌లు ఆడుతుంది, వాటిలో దాదాపు సగం సొంత ఊళ్లో ఉంటాయి. క్రిస్మస్ నాడు పెద్ద జట్ల మధ్య ఐదు మ్యాచ్‌లు జరుగుతాయి కానీ డిసెంబరు 24న సాధారణంగా మ్యాచ్‌లు పెట్టరు. అందువల్ల సెలవుల ప్రయాణానికి ముందు చూడాలంటే 21, 22, 23 తేదీల్లో మీ పిల్లలున్న ఊళ్లో మ్యాచ్ ఉందేమో చూడమనండి. మ్యాచ్‌కూ ప్రయాణానికీ మధ్య ఒక పూర్తి రోజు ఖాళీగా ఉంటే అంతకంటే మంచిది లేదు. అలా కుదరక 23 రాత్రి మ్యాచ్ చూసి 24 ఉదయం బయలుదేరవలసి వస్తే, ఆ ఉదయం తొమ్మిదికి ముందు కారు కదలకూడదని ఇంట్లో అందరూ ఇప్పుడే ఒప్పుకోవాలి. కారణం తరువాత చెబుతాను.

రెండో లెక్క మీ నిద్రది. చలికాలంలో టెక్సాస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనుక ఉంటుంది. అక్కడ రాత్రి 7:30కి మ్యాచ్ మొదలైతే ఇక్కడ మరునాటి ఉదయం ఏడు గంటలు. రాత్రంతా మేలుకొని కూర్చున్నామని శరీరం అనుకుంటుంది. విమానం దిగిన మూడు, నాలుగు రోజుల్లో మ్యాచ్ పెట్టుకున్నవారు రెండో క్వార్టర్‌కే (నాలుగు భాగాల ఆటలో రెండో భాగానికే) కుర్చీలో తూగడం నేను కళ్లారా చూశాను. కనీసం పది రోజుల ముందు అక్కడికి చేరుకోండి.

ఇక ఆట విషయం. మనలో చాలామందికి క్రికెట్, కబడ్డీ తెలిసినంతగా బాస్కెట్‌బాల్ తెలియదు. తెలియకుండా వెళితే రెండున్నర గంటలు పొడవాటి మనుషులు అటూ ఇటూ పరుగెత్తడమే కనిపిస్తుంది. బయలుదేరే ముందు ఇక్కడే, ఉదయం కాఫీ వేళకు, ఫోనులో ఒక మ్యాచ్‌లో ఒక్క క్వార్టర్ చూడండి. అక్కడి రాత్రి మ్యాచ్‌లు మనకు ఉదయం పూట వస్తాయి కనుక అది తేలిక. జట్టుకు ఐదుగురు ఆడతారు. పన్నెండేసి నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్‌లు, మధ్యలో పదిహేను నిమిషాల విరామం ఉంటుంది. నేల నుంచి పది అడుగుల ఎత్తున ఉన్న రింగులో బంతి పడితే రెండు పాయింట్లు. నేల మీద గీసిన పెద్ద వంపు గీతకు బయట నుంచి వేస్తే మూడు. కొన్ని రకాల తప్పులు చేసినప్పుడు ఎదుటివారికి పదిహేను అడుగుల దూరం నుంచి అడ్డు లేకుండా విసిరే అవకాశం ఇస్తారు, దానికి ఒక్కొక్క పాయింటు. ఒక ఆటగాడు ఆరు తప్పులు చేస్తే ఆ రాత్రికి ఇక ఆడలేడు. సమానమైతే ఐదు నిమిషాలు అదనంగా ఆడిస్తారు.

వీటన్నిటికంటే ముఖ్యమైనది రింగు వెనుక ఉండే బోర్డు పైన వెలిగే అంకె. బంతి చేతికి వచ్చిన జట్టు 24 సెకండ్లలో రింగు వైపు వేసి తీరాలి. పూర్వం ఈ నిబంధన లేదు. ఆధిక్యంలో ఉన్న జట్టు బంతిని తమలో తామే అందించుకుంటూ కాలం గడిపేసేది. 1950 నవంబరులో ఒక మ్యాచ్ 19–18 స్కోరుతో ముగిసిందంటే ఎంత విసుగ్గా సాగి ఉంటుందో ఊహించుకోవచ్చు. సిరక్యూస్ జట్టు యజమాని డానీ బియాసోన్ అందుకు లెక్క వేశాడు: చూడదగ్గ మ్యాచ్‌లో రెండు జట్లూ కలిసి సుమారు 120 సార్లు బంతి వేస్తాయి, మ్యాచ్ మొత్తం 48 నిమిషాలు, అంటే 2,880 సెకండ్లు, దాన్ని 120తో భాగిస్తే 24. 1954లో ఆ గడియారం వచ్చింది, ఆట మళ్లీ ప్రాణం పోసుకుంది. మన వైపు ఎడ్ల బండలాగుడు పోటీలు చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. నిర్ణీత సమయంలో ఆ జత బండను ఎంత దూరం లాగిందన్నదే అక్కడ లెక్క, అందుకే చివరి నిమిషంలో ఎడ్లతోపాటు గడియారాన్నీ చూస్తూ జనం లేచి నిలబడతారు. మా మనవడు నాకు చెప్పింది కూడా ఇదే: "తాతయ్యా, బంతి వెనకే పడకు, పైన అంకె ఎంతుందో చూడు, పదికి దిగాక బంతి చూడు." ఆ ఒక్క మాటతో ఆట నా కళ్ల ముందు విచ్చుకుంది. మీరు కూడా మొదటి క్వార్టర్ అంతా అలాగే చూడండి.

టికెట్లు ఇప్పుడు కాగితం మీద రావు, ఫోనులోనే ఉంటాయి. బార్‌కోడ్ కదులుతూ మారుతుంది కనుక స్క్రీన్‌షాట్ పనికిరాదు. అందరి టికెట్లూ అబ్బాయి ఫోనులోనే ఉంటే అందరూ కలిసే లోపలికి వెళ్లాలి. విడిగా వచ్చేవారుంటే వారి ఫోనుకు ముందే పంపించమనండి. సీట్లు ఎంచుకునేటప్పుడు ధరతోపాటు మీ మోకాళ్లను కూడా దృష్టిలో పెట్టుకోమని పిల్లలకు చెప్పండి. పై అంతస్తు సీట్లు చవక, ఆట మొత్తం చక్కగా కనిపిస్తుంది కూడా, అయితే మెట్లు చాలా నిటారుగా ఉంటాయి. పై అంతస్తే తీసుకున్నా ఆ విభాగంలో కింది వరుసల్లో, నడవ పక్కన సీట్లు చూడమనండి. ఎదుటి జట్టులో పేరున్న ఆటగాడుంటే ధర బాగా పెరుగుతుంది. మొదటిసారి చూసేవారికి ఆ తేడా పెద్దగా తెలియదు కనుక, ఆ డబ్బుతో తక్కువ పేరున్న జట్టు మ్యాచ్‌కే కింది సీట్లు కొనడం మేలని నా అభిప్రాయం.

చేతిసంచి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మొదటి అమెరికా ప్రయాణంలో, డల్లాస్ కాదు, వేరొక ఊళ్లో మ్యాచ్‌కు వెళ్లాము. మా ఇంటావిడ అలవాటు కొద్దీ గుడ్డ సంచిలో శాలువా, మాత్రల డబ్బా, చిన్న స్టీలు డబ్బాలో వేరుశనగ ఉండలు, నీళ్ల సీసా పెట్టుకొంది. ద్వారం దగ్గర ఆ సంచి లోపలికి కుదరదన్నారు. కారు ఉన్నచోటికి పదిహేను నిమిషాల నడక. అబ్బాయి వెనక్కి వెళ్లి సంచి పెట్టి తిరిగి వచ్చేసరికి మొదటి క్వార్టర్ అయిపోయింది, మేము ఆ చలిలో గోడ వారగా నిలబడ్డాము. చాలా స్టేడియాల్లో చిన్న పర్సుకు మించి అనుమతించరు. ఎంత కొలత వరకు అనుమతిస్తారో స్టేడియం వెబ్‌సైట్‌లో రాసి ఉంటుంది, ఆ రోజు ఉదయమే చూడమనండి. బయటి తిండి తేనివ్వరు. షుగర్, బీపీ మాత్రలు ఆ పూటకు సరిపడా మాత్రమే, పేరు కనిపించే స్ట్రిప్‌తోనే, డాక్టరు చీటీతో కలిపి కోటు జేబులో పెట్టుకోండి. మన వైపు డిసెంబరు అంటే తుపాను ముసురే తప్ప గట్టి చలి కాదు. అక్కడి చలికి తగిన కోటు అక్కడే కొనడం మంచిది. స్టేడియం లోపల అంత చలి ఉండదు కనుక ఒకే మందపాటి కోటు కంటే, విప్పి ఒళ్లో పెట్టుకోగల రెండు పొరలు నయం. చీర కట్టుకునేవారు చెప్పులకు బదులు బూట్లు వేసుకొని, కుచ్చిళ్లు కాస్త పైకి కట్టుకుంటే ఆ మెట్ల మీద భయం ఉండదు.

భోజనం ఇంట్లోనే సాయంత్రం ఐదున్నరకు ముగించండి. లోపల దొరికేవి పాప్‌కార్న్, నాచోస్, ప్రెట్జెల్ వంటివి. ధర ఎక్కువ, శాకాహారులకు కడుపు నిండేవి తక్కువ. షుగర్ ఉన్నవారు ఖాళీ కడుపుతో రాత్రి పది దాకా కూర్చోవడం ప్రమాదం. పెరుగన్నం తిని వెళితే నిద్ర వస్తుందని మా ఇంటావిడ చపాతీలు చేయించింది, ఆ మాట నిజమే.

డల్లాస్‌లో మ్యాచ్‌లు జరిగేది అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్‌లో. 2001లో ప్రారంభమైన ఈ స్టేడియంలోనే ఐస్ హాకీ జట్టు కూడా ఆడుతుంది. దాని పక్కనే విక్టరీ అనే రైల్వే స్టేషను ఉంది. ఆరెంజ్ లైన్ రైలు మనవాళ్లు ఎక్కువగా ఉండే అర్వింగ్ మీదుగా అక్కడికి వస్తుంది కనుక ఆ వైపు ఉండేవారు కారు తీయనవసరం లేదు. తిరుగు రైళ్ల వేళలు మాత్రం ముందే చూసుకోవాలి. ఫ్రిస్కో వైపు నుంచి వచ్చేవారికి కారే దారి. పార్కింగ్ ముందే కొనిపెట్టుకొని, మిమ్మల్ని ద్వారం దగ్గర దించి తరువాత కారు పెట్టమనండి.

మ్యాచ్‌కు ముప్పావు గంట ముందే సీటులో ఉండండి. ఆటగాళ్లు సాధన చేసే ఆ వేళే వారిని తీరిగ్గా చూడగలిగే సమయం. ఆట మొదలయ్యే ముందు వారి జాతీయ గీతం పాడతారు. లేచి, టోపీ తీసి నిలబడాలి. శబ్దం చాలా ఎక్కువ, దీపాలు ఆరి వెలుగుతుంటాయి. వినికిడి యంత్రం వాడేవారు ధ్వని తగ్గించుకోవాలి, మిగిలినవారికి చెవుల్లో పెట్టుకునే చిన్న స్పాంజి బిళ్లలు చాలు. బాత్‌రూముకు ఆట మధ్య విరామం దాకా ఆగితే పెద్ద వరుస ఉంటుంది. రెండో క్వార్టర్ మధ్యలో ఆట ఆగినప్పుడు లేచి వెళ్లిరండి.

చివరి రెండు నిమిషాల్లో మాత్రం ఎక్కడికీ కదలకండి. అవి గడియారంలోనే రెండు నిమిషాలు; జట్లు మాటిమాటికీ ఆపించి మాట్లాడుకుంటాయి కనుక పది, పదిహేను నిమిషాలు పడతాయి. ఆఖరి నిమిషంలో గడియారం సెకనులో పదో వంతు కూడా చూపిస్తుంది. మేము చూసిన మ్యాచ్‌లో బంతి ఇంకా గాలిలో ఉండగానే బోర్డు చుట్టూ ఎర్ర దీపం వెలిగింది. ఆట అయిపోయిందని నేను అనుకున్నాను, కానీ దీపం వెలగకముందే బంతి చేయి విడిస్తే అది చెల్లుతుంది. ఆ బంతి పైకి వెళ్లి, దిగి, రింగు అంచును తాకే లోపు వేలమంది ఉన్న ఆ హాలులో ఒక్క గొంతు వినపడలేదు. మా ఇంటావిడ నా మణికట్టు పట్టుకున్న పట్టు నాకు ఇంకా గుర్తుంది. బంతి బయటికి పోయింది. అందరూ ఒక్కసారిగా ఊపిరి వదిలారు.

ఆ ఉత్సాహంలోనే మరునాటి ప్రయాణం చెడేది. మ్యాచ్ పది గంటలకు ముగిసినా, జనంలోంచి బయటపడి ఇల్లు చేరేసరికి పదకొండు దాటుతుంది, కళ్లు మూతపడేసరికి పన్నెండు. అందుకే మ్యాచ్‌కు బయలుదేరకముందే సామాను కారులో సర్దించండి, పెట్రోలు పోయించండి, టైర్లలో గాలి చూపించండి. రాత్రి వచ్చాక ఎవరూ పెట్టె తెరవకూడదు. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరితే రద్దీ ఉండదని పిల్లలు అంటారు, ముహూర్తం బాగుందని మనమూ వత్తాసు పలుకుతాము. నాలుగు గంటలు కూడా నిద్రపోని మనిషి చేతికి స్టీరింగ్ ఇవ్వడం కంటే వర్జ్యంలో బయలుదేరడం నయం. తొమ్మిది గంటలన్నది అందుకే. నడిపేవారు ఏడు గంటలు నిద్రపోయారా అని మనం అడగాలి. పెద్దలు అడిగితేనే పిల్లలు ఆగుతారు.

డల్లాస్ నుంచి హ్యూస్టన్ సుమారు 240 మైళ్లు, అంటే 385 కిలోమీటర్లు. ఐ–45 రహదారి మీద సాఫీగా సాగితే నాలుగు గంటల లోపే. మ్యాచ్ మరునాటికి ఇంతకంటే దూరం పెట్టుకోవద్దు. అక్కడ పియర్‌లాండ్‌లో మీనాక్షి అమ్మవారి ఆలయం ఉంది. నాసా వారి స్పేస్ సెంటర్ క్రిస్మస్ నాడు మూసి ఉంటుంది కనుక 26న పెట్టుకోండి. ఒకప్పుడు మన జిల్లాలో భాగమైన శ్రీహరికోట నుంచి రాకెట్లు లేస్తుంటే మిద్దెలెక్కి చూసిన మనవాళ్లు ఆ చోటును చూడకుండా రాకూడదు. పండుగ నాడు దుకాణాలు, హోటళ్లు చాలావరకు మూస్తారు. పులిహోర, చపాతీలు, ఊరగాయ వెంట ఉంచుకోండి. సగం దారి దాటాక మాడిసన్‌విల్‌లో బక్కీస్ అనే పెద్ద పెట్రోలు బంకు వస్తుంది, బాత్‌రూములు శుభ్రంగా ఉంటాయి. అబ్బాయి వద్దన్నా సరే, అక్కడ కారు ఆపించి, పావుగంట నడిపించి, కాఫీ తాగించి, మిగిలిన దూరానికి కోడలికి తాళాలు ఇప్పించండి.