తుపాను నెలలకు ముందు పాత కంప్యూటర్ మూత తీసేవారికి

విశాఖపట్నం పెదవాల్తేరులో సముద్రపు ఉప్పుగాలికి మా కిటికీ ఊచలకు రెండేళ్లకోసారి రంగు వేయించాల్సిందే. ఒక్కసారి బద్ధకిస్తే తుప్పు పెచ్చులుగా రాలుతుంది. అదే గాలిని కిటికీ పక్కనున్న కంప్యూటర్ రోజంతా ఫ్యాన్లతో లోపలికి లాగుతోందని మాత్రం నాకు చాలాకాలం తట్టలేదు. 2013లో నా చేతులతో విడిభాగాలు బిగించుకున్న యంత్రమది. మూత తీసి చూస్తే స్క్రూల తలలు ఎర్రబారాయి, ప్రాసెసర్ కూలర్ రాగి గొట్టాల మీద పచ్చని చిలుము పట్టింది.

ఉప్పు పొడిగా ఉన్నంతసేపు పెద్దగా హాని చేయదు. గాలిలో తేమ 75 శాతం దాటితే మాత్రం తానే నీరు పీల్చుకుని కరుగుతుంది. వానాకాలంలో వంటింటి ఉప్పు డబ్బా చెమ్మగిల్లడం ఈ గుణం వల్లే. మదర్‌బోర్డు (భాగాలన్నీ అమర్చే పెద్ద పలక) మీది దుమ్ములో ఆ తడి కలిస్తే కరెంటు పోకూడని చోటికి పోవడానికి దారి ఏర్పడుతుంది. నడుస్తున్న కంప్యూటర్ తన వేడితో తానే కొంత ఆరుతుంది కనుక, వాడకుండా నెలల తరబడి మూలన పెట్టినదానికే ఎక్కువ ముప్పు. వారానికి రెండుసార్లయినా గంటసేపు నడపండి. క్యాబినెట్‌ను సముద్రం వైపు కిటికీ దగ్గర నుంచి జరపండి. నేల మీద కాకుండా చిన్న పీట మీద పెట్టండి.

మరమ్మతు, అప్‌గ్రేడ్ ఏదైనా సెప్టెంబరు లోపే ముగించుకోవడం మంచిది. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న తీరం దాటాక నగరంలో చాలా ఇళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. విప్పిన యంత్రం బల్ల మీద పరచి ఉండగా అలాంటి రోజు రాకూడదు.

స్క్రూడ్రైవర్ పట్టే ముందు ఫోటోలు, ఇంటి కాగితాల స్కాన్లు, పిల్లల ప్రాజెక్టులు వేరే డిస్కులోకి కాపీ చేయండి. కాపీ అయ్యాక ఆ డిస్కును మరో కంప్యూటర్‌లో తెరిచి నాలుగు ఫైళ్లు చూడండి. చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్‌గా లెక్కపెట్టను. ఈ పట్టుదలకు కారణం ఉంది. ఒకసారి పాత ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బా) తీసి కొత్తది పెట్టాను. విడదీసే కేబుళ్ల రకం. పాత కేబుళ్లు కొత్తదానికి సరిగ్గా పట్టాయి కదా అని వాటినే ఉంచేశాను. స్విచ్ వేయగానే సన్నని పొగ, కాలిన వాసన, ఆరేళ్ల ఫోటోలున్న హార్డ్ డిస్క్ అక్కడికక్కడే సరి. డిస్కు వైపు కనెక్టర్ ఎక్కడైనా ఒకటే, ఎస్‌ఎంపీఎస్ వైపు ఏ పిన్నులో ఎన్ని వోల్టులన్నది మాత్రం తయారీదారును బట్టి, మోడల్‌ను బట్టి మారుతుంది. ఒకదాని కేబుళ్లు ఇంకోదానికి ఎన్నడూ వాడకండి. తప్పు నాదే, పెట్టెలో కొత్త కేబుళ్లు ఉండనే ఉన్నాయి.

ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పకండి. అందులో కరెంటును నిలవ ఉంచే పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలవ ఉంటుంది, ప్లగ్ పీకినా వెంటనే పోదు. పాడైతే మార్చడమే. మదర్‌బోర్డు మీది కెపాసిటర్ల తలలు ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా ఆ బోర్డు మీద కొత్తగా డబ్బు పెట్టడం దండగ.

దుమ్ము దులిపేటప్పుడు బ్లోయర్ గాలికి ఫ్యాన్లు గిరగిరా తిరగనివ్వకండి, వేలితో ఆపి పట్టుకోండి. ఊరికే తిరిగే ఫ్యాన్ చిన్న డైనమోలా కరెంటు పుట్టించి బోర్డులోకి పంపగలదు. జిడ్డు ఉన్నచోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తని బ్రష్ చాలు. ప్రాసెసర్ వేడిని కూలర్‌కు అందించే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది కాబట్టి కూలర్‌ను ఒక్కసారిగా పైకి లాగకండి. పది నిమిషాలు కంప్యూటర్ నడిపి, ఆపి, ప్లగ్ తీశాక వెచ్చగా ఉండగానే మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ తీయండి. బలంగా లాగితే ఏఎం4 సాకెట్‌లో కూర్చునే ఏఎండీ రైజెన్ ప్రాసెసర్ కూడా కూలర్‌కు అతుక్కుని పైకి వచ్చేయవచ్చు, అడుగున పిన్నులు వంగవచ్చు. కొత్త పేస్ట్ బఠాణీ గింజంత చాలు.

గడియారం వెనక్కి పోయి, వెబ్‌సైట్లు భద్రతా హెచ్చరికలు చూపుతుంటే వైరస్ అనుకోకండి. ముందు బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ మార్చండి, ధర తక్కువే. తీసే ముందు బయోస్ (విండోస్ కన్నా ముందు నడిచే, బోర్డు సెట్టింగులుండే ప్రోగ్రామ్) తెరలన్నీ ఫోన్‌తో ఫోటో తీసుకోండి. సెట్టింగులు మొదటికి వచ్చి డిస్కు మోడ్ మారితే విండోస్ లేవదు.

కొనడం దగ్గరే అందరూ జారిపోతారు. హార్డ్ డిస్క్ స్థానంలో అదే సాటా కేబుల్‌కు తగిలే ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని వేగవంతమైన డిస్కు) పెడితే పాత యంత్రానికి ప్రాణం లేచొస్తుంది, నా లెక్కలో అంతకు మించి ఫలితమిచ్చే ఖర్చు మరొకటి లేదు. పాత రకం ర్యామ్ వాడే డీడీఆర్3 బోర్డులో తర్వాతి తరం డీడీఆర్4 ర్యామ్ పట్టదు. అది కావాలంటే బోర్డు, చాలావరకు ప్రాసెసర్ కూడా మారాలి, అప్పుడది మరమ్మతు కాదు, కొత్త కంప్యూటరే. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11 టీపీఎం 2.0 అనే భద్రతా చిప్‌ను అడుగుతుంది, ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే అంగీకరిస్తుంది. నాది నాలుగో తరం, కాబట్టి విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేశాను. మా అమ్మ తేడా కనిపెట్టలేదు.

ఒక్కరోజే అన్నీ మార్చకండి. ఒకటి మార్చి, రెండు రోజులు వాడి, ఆ తర్వాతే రెండోది. లేకపోతే ఏది మొరాయిస్తోందో తేలదు. బయోస్ అప్‌డేట్ అయితే యూపీఎస్ మీద తప్ప చేయకండి, మధ్యలో కరెంటు పోతే బోర్డు మళ్లీ లేవకపోవచ్చు.

తుపాను హెచ్చరిక వచ్చిన రోజు స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్ పీకండి. ఇంటర్నెట్ తీగ కూడా, పిడుగు ఆ దారిన కూడా వస్తుంది. కరెంటు తిరిగి వచ్చాక మొదటి గంట ఆగండి, లైట్లు నిలకడగా వెలుగుతున్నాయో లేదో చూడండి. కిటికీలోంచి జల్లు పడి తడిసిందనుకుంటే, ఆరిపోయింది కదా అని ఆన్ చేయకండి. నీరు ఆరినా ఉప్పు అక్కడే ఉంటుంది. బ్యాటరీ తీసేసి, బోర్డును విడదీసి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, పైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తుడిచి, ఫ్యాన్ గాలికి రెండు రోజులు ఆరబెట్టండి. తడిసిన ఎస్‌ఎంపీఎస్‌ను మాత్రం కడగకండి, పారేయండి.