డిగ్రీ తర్వాత పీజీ: ఏది చేయాలో, అసలు చేయాలో వద్దో తేల్చుకోవడం ఎలా?

ఈ ఆలోచన డిగ్రీ చివరి ఏడాది మొదట్లోనే రావాలి. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్, ఎంటెక్‌కి గేట్ ఫిబ్రవరిలో జరుగుతాయి. దరఖాస్తులు అంతకు నెలల ముందే ముగుస్తాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి రాయాల్సిన సీయూఈటీ పీజీ కూడా చివరి సెమిస్టర్ నడుస్తుండగానే అయిపోతుంది. పరీక్షలన్నీ అయ్యాక తీరిగ్గా చూసుకుంటే మిగిలేది ఎంబీఏ, ఎంసీఏలకు రాసే ఐసెట్, ఎంఏ, ఎమ్మెస్సీ లాంటి పీజీలకు తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రాలో పీజీసెట్. ఎంబీఏ మీద మనసు లేకపోయినా అందులో తేలేవాళ్లు చాలామంది ఇలా ఆలస్యమైనవాళ్లే.

1. ఉద్యోగం నుంచి వెనక్కి రండి

మీరు కోరుకునే మూడు ఉద్యోగాలు రాసుకుని, వాటి పాత నోటిఫికేషన్లు తెరిచి ‘విద్యార్హతలు’ చదవండి. గ్రూప్-1, గ్రూప్-2, ఎస్ఐ, బ్యాంక్ పీవో ఉద్యోగాలకు డిగ్రీ చాలు. పీజీ ఉన్నందుకు అదనంగా ఒక్క మార్కూ కలవదు. ఇంట్లో ఖాళీగా ఉన్నాడనే మాట పడకూడదని పీజీలో చేరి, గ్రూప్స్‌కి చదివితే రెండూ సగం సగమే అవుతాయి.

జూనియర్ లెక్చరర్ కావాలంటే పీజీ తప్పదు. గురుకులాల్లో పీజీటీ (పోస్ట్ గ్రాడ్యుయేట్ టీచర్) ఉద్యోగానికి పీజీతో పాటు బీఈడీ కావాలి. డిగ్రీ కాలేజీ లెక్చరర్‌కి పీజీలో 55 శాతం (రిజర్వుడు వర్గాలకు 50), పైగా లెక్చరర్ అర్హత పరీక్షలైన నెట్ లేదా సెట్, లేదంటే పీహెచ్‌డీ. పరిశోధన వైపు వెళ్లి జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధిస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు వస్తాయి.

2. సర్టిఫికెట్ మీద పడే పేరు చూడండి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. రెండు మూడు సబ్జెక్టులు కలిపిన కొత్త కోర్సు పేరు వినడానికి బాగుంటుంది. కానీ నోటిఫికేషన్‌లో ‘సంబంధిత సబ్జెక్టులో పీజీ’ అని ఉంటే, సర్టిఫికెట్ల పరిశీలనలో ఈక్వలెన్సీ (మీ కోర్సు ఆ సబ్జెక్టుతో సమానమనే పత్రం) అడుగుతారు. దాని కోసం యూనివర్సిటీ చుట్టూ తిరిగేసరికి గడువు దాటిపోవచ్చు. బోధన రంగమే లక్ష్యమైతే పాత, సూటి పేరున్న కోర్సే మేలు. ప్రైవేటు కంపెనీలకైతే పేరు కంటే సిలబస్, ప్రాజెక్టు ముఖ్యం.

ఎంసీఏ ఇప్పుడు రెండేళ్లే. అయితే ఇంటర్లోగానీ డిగ్రీలోగానీ గణితం చదవనివారికి అర్హత ఉందో లేదో ఈ ఏడాది నిబంధనల్లో ముందే చూసుకోవాలి. బీకాం విద్యార్థులు ఐసెట్ ర్యాంకు వచ్చాక ఈ సంగతి గమనించి లాభం లేదు.

3. డబ్బు లెక్క వేయండి

రెండేళ్ల ఫీజు, హాస్టల్, దానికి ఈ రెండేళ్లలో వదులుకునే జీతం కలపండి. ఇప్పుడు దొరికే ఉద్యోగం నెలకు 18,000 ఇస్తే ఆ జీతమే 4,32,000. పీజీ తర్వాత జీతం ఎంత పెరుగుతుందో దీని పక్కన పెట్టి చూడండి. ఎంబీఏ విషయంలో రెండేళ్లు పనిచేసి వెళ్లడం చాలామందికి లాభం. ఏ విభాగం నప్పుతుందో అప్పటికి తెలిసి ఉంటుంది.

గేట్ స్కోరుతో ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న కాలేజీలో ఎంటెక్ చేరితే నెలకు 12,400 స్టైపెండ్. గేట్ లేకుండా పీజీఈసెట్‌ లాంటి రాష్ట్ర పరీక్షతో చేరినవారికి అది రాదు. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి వెంటనే చేరాలన్న తొందరా లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మేనేజ్‌మెంట్ కోటాకు వర్తించదు. కన్వీనర్ కోటాకైనా ఈ ఏడాది నిబంధనలు చూసుకోవాలి.

4. కాలేజీని అంకెలతో పట్టండి

ఫ్లెక్సీ మీద ఉన్న ‘అత్యధిక ప్యాకేజీ’ ఒక్కరిది. కాలేజీలకు ర్యాంకులిచ్చే కేంద్ర ప్రభుత్వ ఎన్ఐఆర్ఎఫ్‌కి కాలేజీ ఇచ్చిన వివరాల్లో ఎంతమంది చేరారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మధ్యస్థ జీతం ఎంత అనేవి ఉంటాయి. పెద్ద యూనివర్సిటీల్లో పీజీలన్నీ కలిపి ఇస్తారు కాబట్టి మీ విభాగం సంగతి సీనియర్లనే అడగాలి: రెగ్యులర్ అధ్యాపకులు ఎందరు, ల్యాబ్ తెరిచి ఉంటుందా, పోయినసారి క్యాంపస్‌కి ఎవరొచ్చారు?

5. వెబ్ ఆప్షన్లు, సర్టిఫికెట్లు

కౌన్సెలింగ్‌లో కాలేజీల ఆప్షన్లు మీకు ఇష్టమైన క్రమంలో వీలైనన్ని పెట్టండి, కానీ సీటొచ్చినా చేరననుకున్న కాలేజీ పెట్టకండి. కుల, ఆదాయ పత్రాలు ముందే తీసి ఉంచుకోండి. ఈడబ్ల్యూఎస్ పత్రం ఆ ఆర్థిక సంవత్సరానిదై ఉండాలి. ఇంకో కౌన్సెలింగ్ ఫలితం రావాల్సి ఉంటే, సీటు రద్దు గడువు, ఫీజు వాపసు నిబంధన కనుక్కున్నాకే ఒరిజినల్ టీసీ చేతికివ్వండి.