ట్యాంక్‌బండ్ విగ్రహాలను చూడాలంటే

మా ఇంటికొచ్చే చుట్టాలు ట్యాంక్‌బండ్‌కి సాయంత్రమే వెళ్దామంటారు. గాలికైతే సరే. విగ్రహాలు చూడాలంటే మాత్రం పొద్దున్నే వెళ్ళండి. అవి హుస్సేన్‌సాగర్‌కి వీపు పెట్టి, రోడ్డు వైపు చూస్తుంటాయి. ఉదయపు ఎండ నేరుగా ముఖాల మీద పడుతుంది. సాయంత్రం సూర్యుడు వాటి వెనక్కి వెళ్తాడు, ఫోటోలో నల్లటి ఆకారం తప్ప ఏమీ రాదు.

లిబర్టీ వైపు అంబేద్కర్ విగ్రహం దగ్గర దిగి, సికింద్రాబాద్ వైపు నడవండి. ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు వీటిని పెట్టించారు. 2011 మార్చిలో, తెలంగాణ ఉద్యమంలో భాగంగా జరిగిన మిలియన్ మార్చ్ రోజున కొన్ని దెబ్బతిన్నాయి, తర్వాత మళ్ళీ నిలబెట్టారు.

అన్నింటి దగ్గరా ఆగితే పిల్లలు విసుక్కుంటారు. నేనైతే ముగ్గురిని ఎంచుకోమంటాను. మొదట మఖ్దూం మొహియుద్దీన్. మన సిటీ కాలేజీలో ఉర్దూ పాఠాలు చెప్పిన కవి, కార్మికుల నాయకుడు కూడా. తర్వాత రామాయణం రాసిన మొల్ల. ఆ వరసలో ఆడవాళ్ళు బాగా తక్కువ, అందుకే ఆమె దగ్గర కాసేపు ఎక్కువ నిలబడతాను. మూడోవాడు గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర. హైదరాబాద్‌లో ఈయనకేం పని అని పిల్లలు అడగకపోతే మీరే అడగండి, మాటలు వాటంతటవే సాగుతాయి.

ముందు దిమ్మ మీద పేరు పిల్లల చేత చదివించండి, కథ ఆ తర్వాత. గూగుల్ అప్పుడే తీయనివ్వకండి. సెల్ఫీల కోసం దిమ్మెక్కనివ్వకండి, రోడ్డు మీదకి వెనక్కి నడవనివ్వకండి. అక్కడ బండ్లు ఆగవు.