వీణ మీటులో గోరు చప్పుడు ఎలా తగ్గింది (నా అనుభవం)

వీణ మొదటి తీగ సారణి మీద మీటినప్పుడల్లా నాదం కంటే ముందు 'టిక్' అని గోరు చప్పుడు వచ్చేది, రికార్డింగ్‌లో వింటే ఇంకా చిరాకు. సరే, గోళ్లు పూర్తిగా తీసేసి ఉత్తి వేలి కొసతో వాయించి చూశాను. కింది స్థాయి తీగలైన మంద్రం, అనుమంద్రం భలే గుండ్రంగా పలికాయి గానీ సారణిలో మెరుపు పోయింది, కాస్త వేగంగా వెళ్తే మీట్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. వేలికి తొడుక్కుని మీటే తీగ నఖీలు నాకు నచ్చవు, తీగను వేలు తాకాలి.

చివరికి కుదిరింది మధ్యే మార్గం. చూపుడు, మధ్య వేళ్ల గోళ్లు కండ కంటే వెంట్రుకవాసి మాత్రమే బయటికి ఉంచాను. అప్పుడు తీగ ముందు కండను తాకి, తర్వాత గోరు మీదుగా జారిపోతుంది, టిక్ రాదు. అంచును సన్నటి గరుకు కాగితంతో, వేలి వంపులోనే, గాజులా నున్నగా అయ్యేదాకా రుద్దాలి. నెయిల్ కట్టర్ వాడి వదిలేస్తే మిగిలే గరుకు, చుట్టుతీగలైన మంద్రం, అనుమంద్రాల మీద బరబరా వినిపిస్తుంది. చిటికెన వేలి సంగతి వేరు, అది తాళం కోసం పక్కన ఉండే తీగలను కింది నుంచి పైకి మీటుతుంది కాబట్టి అక్కడ గోరు కొంచెం పొడుగున్నా ఫర్వాలేదు.

గిటార్ వాళ్లలోనూ ఇదే గొడవ: స్పెయిన్ విద్వాంసుల్లో టారెగా చివరి ఏళ్లలో గోళ్లతో మీటడం మానేస్తే, సెగోవియా గోరూ కండా కలిపే మీటాడు. అంట్లు తోమిన రోజు మాత్రం వాయించే ముందు అంచు ఒకసారి చూసుకుంటాను.